ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్

ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ (1777 - 1819) ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఆంగ్లేయ ఉద్యోగి, బహుభాషా పండితుడు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, తుళు మొదలయిన దక్షిణాది భాషలన్నీ ఒకే కుటుంబానికి చెందినవనీ, అవి సంస్కృతం నుండి పుట్టినవి కావనీ 1816లో మొట్టమొదటి సారిగా ఆధారాలతో సహా నిరూపించినవాడు. ఈ నిరూపణకు ఆయన ప్రధానంగా ఎంచుకొన్న భాష తెలుగు. నేడు మనం ద్రావిడ భాషా కుటుంబం అని పిలుస్తున్న భావనకు ఇదే తొలి రూపం.

ఎల్లిస్ 1806లో మచిలీపట్నం జిల్లా న్యాయాధికారిగా నియమితుడైనాడు. ఆ విధంగా తరువాతి కాలపు కృష్ణా జిల్లాతో కూడా ఆయనకు సంబంధమున్నది. మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల స్థాపనకు మూలపురుషులలో ఆయన ముఖ్యుడు. నలభై రెండేళ్ళు నిండీ నిండకముందే మరణించడం వలన, ఆయన వ్రాతప్రతులలో చాలా భాగం నాశనమైపోవడం వలన, ఆయన చేసిన పని చాలాకాలం మరుగున పడిపోయింది. రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో వ్రాసిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణానికి వచ్చిన కీర్తి, అంతకు 40 ఏళ్ళ ముందు అదే విషయాన్ని నిరూపించిన ఎల్లిస్‌కు దక్కలేదు.

== ఉద్యోగ జీవితం ==

ఎల్లిస్ 1796లో కంపెనీ వారి మద్రాసు కొలువులో రైటరుగా చేరాడు. రైటరు అంటే ఆ రోజులలో సివిలు ఉద్యోగంలో అన్నిటికంటె క్రింది మెట్టు. తరువాత రెవెన్యూ బోర్డు కార్యాలయంలో వివిధ పదవులు నిర్వహించి, 1802 నాటికి ఆ బోర్డుకు కార్యదర్శి అయ్యాడు. 1806లో మచిలీపట్నం జిల్లా జడ్జిగాను, 1809లో మద్రాసు ప్రెసిడెన్సీ భూసుంకాల కలెక్టరుగాను, 1810లో మద్రాసు కలెక్టరుగాను నియమించబడ్డాడు. మరణించే వరకు మద్రాసు కలెక్టరు పదవిలోనే ఉన్నాడు.

రెవెన్యూ, న్యాయ శాఖలలో పనిచేసే ఆంగ్లేయులకు దేశభాషలు తెలియకపోతే పని జరిగేది కాదు. అర్జీలు, లెక్కలు, సాక్ష్యాలు అన్నీ దేశభాషలలోనే ఉండేవి. చాలామంది దుబాసీల మీద ఆధారపడి కాలం గడిపేవారు. ఎల్లిస్ మాత్రం స్వయంగా తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చుకొన్నాడు. కన్నడం, మలయాళం భాషలతో కూడా పరిచయం సంపాదించాడు. పలు భాషలు ఒకే మనిషి దృష్టిలోకి రావడం వలననే వాటి మధ్య పోలికలను గమనించే అవకాశం ఆయనకు కలిగింది.

== మచిలీపట్నం, కృష్ణా మెట్ట ప్రాంతం ==

ఎల్లిస్ మచిలీపట్నం వచ్చేనాటికి తీరంలోని రేవుపట్టణం కంపెనీ పాలనలో ఉన్నది. లోపలి మెట్ట ప్రాంతం జమీందారుల చేతిలో ఉన్నది. కొండపల్లి సర్కారులోని నందిగామ పరగణా వాసిరెడ్డి వారి జమీలో ఉండేది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు బేతవోలు వద్ద తన తండ్రి జగ్గన్న పేరిట జగ్గయ్యపేటను కట్టించాడు. ఆయన 1816లో మరణించాడు. ఎల్లిస్ తెలుగును గురించి వ్రాసిన వ్యాసం వెలువడినది కూడా ఆ సంవత్సరమే. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాగా ఏర్పాటు చేసారు. 1904లో గుంటూరు జిల్లా మరల వేరుపడినది. నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నాయి.

భాషల చుట్టరికం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ మెట్ట ప్రాంతం చక్కని ఉదాహరణ. ఇక్కడి జనులలో అత్యధికులు తెలుగు మాట్లాడుతారు. నైజాం సరిహద్దున ఉండడం వలన ఇక్కడి తెలుగులో ఉర్దూ పదాలు కూడా వాడుకలో ఉన్నాయి. తండాలలోని లంబాడీల భాష ఇండో-ఆర్య కుటుంబానికి చెందినది. జగ్గయ్యపేటకు ఉత్తరాన ఖమ్మం మీదుగా గోదావరి మన్యం వైపు వెళితే కోయ భాష వినవస్తుంది. ఇది గోండికి సంబంధించిన ద్రావిడ భాష. ఊళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదానిని బట్టి గానీ, ఒక భాష నుండి మరొక భాషకు ఎన్ని పదాలు వచ్చాయన్నదానిని బట్టి గానీ చుట్టరికం నిర్ణయం కాదు. తండా పక్కనే ఉన్నా లంబాడీ భాష తెలుగుకు జ్ఞాతి కాదు. కొండల్లో ఉన్నా కోయ భాష తెలుగుకు జ్ఞాతియే.

ఇదే ప్రాంతంలో మరొక సాక్ష్యం కూడా ఉన్నది. జగ్గయ్యపేట వద్ద ఉన్న బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించాడు. అక్కడ దొరికిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. సామాన్య శకం 3వ శతాబ్దిలో ఇక్కడ శాసనానికి వాడిన భాష ప్రాకృతం. కాని ఆ భాష ఈ నేల మీద జనుల వాడుకభాషగా నిలువలేదు, తెలుగు నిలిచింది. ప్రాకృతం, సంస్కృతం అనేక శతాబ్దాలపాటు మతానికీ, రాజ్యానికీ, విద్యకూ భాషలుగా ఉన్నందువలన వాటి పదాలు తెలుగులో విస్తారంగా చేరాయి. ఆ పదాలను చూచి తెలుగు సంస్కృతజన్యమని భావించడం సహజమే. ఎల్లిస్ ఎదుర్కొన్న ప్రశ్న సరిగా ఇదే.

== సెయింట్ జార్జి కోట కళాశాల ==

కొత్తగా వచ్చే కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. దీని నిర్వహణకు ఏర్పరచిన బోర్డులో ఎల్లిస్ ప్రముఖ సభ్యుడు. కళాశాల ప్రణాళిక చాలావరకు ఆయనదే. కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాల ఉత్తరాది భాషలకు ప్రాధాన్యం ఇచ్చేది. మద్రాసు కళాశాల తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలకు ప్రాధాన్యమిచ్చింది. ఒక దక్షిణాది భాష బాగా నేర్చినవానికి తక్కినవి సులువుగా పట్టుబడతాయన్నది ఎల్లిస్ అభిప్రాయం. అవన్నీ ఒకే కుటుంబానివి అన్న ఆయన నిర్ణయానికీ, ఈ బోధనా పద్ధతికీ దగ్గర సంబంధమున్నది.

కళాశాలకు స్వంత ముద్రణాలయం ఉండేది. దేశీయ పండితులు ఉపాధ్యాయులుగా పనిచేసేవారు. సంస్కృతాంధ్ర శాఖకు ప్రధానోపాధ్యాయుడైన వేదం పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువులను అకారాది క్రమంలో కూర్చి ధాతుమాలను తయారుచేసాడు. రావిపాటి గురుమూర్తిశాస్త్రి కూడా ఈ కళాశాలకు చెందినవాడే. 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకొన్నది ఈ కళాశాల విద్యార్థిగానే.

== అప్పటి అభిప్రాయాలు ==

1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఒకే మూలం ఉండవచ్చునని ప్రతిపాదించాడు. ఈ మాట ఐరోపాలో భాషల పరిశీలనకు కొత్త దారి చూపింది. అయితే దాని ప్రభావం వలన భారతదేశ భాషలన్నీ సంస్కృతం నుండి పుట్టినవే అన్న అభిప్రాయం కలకత్తా పండితులలో బలపడింది. శ్రీరామపురం మిషనరీ విలియం కేరీ 1814లో ప్రచురించిన తెలుగు వ్యాకరణం కూడా ఇదే ధోరణిలో ఉన్నది.

తెలుగునాట కూడా సంస్కృతమే సకల భాషలకు తల్లి అన్న నమ్మకం ప్రాచీన కాలం నుండి ఉన్నది. తెలుగు వ్యాకరణాన్ని సంస్కృత సూత్రాలలో వ్రాయడం కూడా ఈ సంప్రదాయంలోనిదే. కాని అదే సంప్రదాయంలో మరొక అమూల్యమైన విషయం ఉన్నది. తెలుగు లాక్షణికులు తమ భాషలోని పదాలను తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు, గ్రామ్యాలు అని విభజించారు. సంస్కృతం నుండి ఉన్నదున్నట్లుగా వచ్చినవి తత్సమాలు, మార్పు చెంది వచ్చినవి తద్భవాలు. ఆ రెండిటికీ చెందక, ఈ నేలలోనే పుట్టినవి దేశ్యాలు. అనగా ఏది అరువు, ఏది సొంతం అన్న లెక్క తెలుగు పండితుల వద్ద ముందే సిద్ధంగా ఉన్నది. ఆ లెక్క నుండి చుట్టరికానికి సంబంధించిన నిర్ణయాన్ని రాబట్టడమే ఎల్లిస్ చేసిన పని.

== 1816 నాటి నిరూపణ ==

కళాశాల బోర్డుకు కార్యదర్శిగా ఉన్న అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణం 1816లో కళాశాల ముద్రణాలయంలో అచ్చయింది. దాని పీఠికకు అనుబంధంగా ఎల్లిస్ ఒక దీర్ఘ వ్యాసం వ్రాసాడు. తెలుగు సంస్కృతజన్యం కాదని కాంప్‌బెల్ పీఠికలో చేసిన వాదానికి కావలసిన ఆధారాలు ఈ వ్యాసంలో ఉన్నాయి. నిరూపణ మూడు మెట్లుగా సాగుతుంది.

=== ధాతువులు ===

మొదటి మెట్టులో ఎల్లిస్ సంస్కృత ధాతువులను ఒక ప్రక్క, తెలుగు ధాతువులను మరొక ప్రక్క పట్టికగా వేసి పోల్చాడు. తెలుగు ధాతువులకు పట్టాభిరామశాస్త్రి కూర్పు ఆధారమయింది. ఈ రెండు పట్టికలకూ పొంతన లేదు. ఒక భాష మరొక భాష నుండి పుట్టినదైతే దాని ధాతువులు కూడా అక్కడి నుండే రావాలి కదా. తరువాత ఆయన తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను మూడు వరుసలలో ప్రక్కప్రక్కన వేసాడు. ఇక్కడ పొంతన స్పష్టంగా కనపడింది.

=== పదాలు ===

రెండవ మెట్టులో ఎల్లిస్ మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య రచించిన ఆంధ్రదీపిక అనే నిఘంటువును ఆశ్రయించాడు. వెంకయ్య వైశ్య కులానికి చెందిన పండితుడు. ఆయన పీఠికలో పదవిభాగాన్ని గురించి వ్రాసిన భాగాన్ని ఎల్లిస్ ఆంగ్లంలోకి అనువదించి, దాని ఆధారంగా తత్సమ, తద్భవాలను వేరుచేసి, మిగిలిన దేశ్య పదాలను తమిళ, కన్నడ పదాలతో పోల్చాడు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో నేటి పాఠకులు కొన్ని సామాన్య పదాలతో తెలుసుకోవచ్చు:

* కన్ను - తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు
* మూడు - తమిళంలో మూన్ఱు, కన్నడంలో మూరు
* పాలు - తమిళంలో పాల్, కన్నడంలో హాలు
* చెవి - తమిళంలో చెవి, కన్నడంలో కివి
* చెరువు - కన్నడంలో కెరె
* చెడు - తమిళ, కన్నడాలలో కెడు

ఇక్కడ కేవలం పోలిక ఒక్కటే ముఖ్యం కాదు. పోలికలో ఒక క్రమం ఉన్నది. పాత పకారం ఆధునిక కన్నడంలో హకారమయింది. అందువలన పాలు హాలు అయినట్లే, పులి హులి అయింది. ఇ, ఎ అచ్చులకు ముందున్న కకారం తెలుగులో చకారమయింది. కెడు చెడు అయినది ఇందువలననే. ఇట్టి క్రమం అరువు పదాలలో కనపడేది వేరు, పుట్టుకతో వచ్చిన పదాలలో కనపడేది వేరు. ధ్వనుల మార్పులకు ఈ విధమైన సూత్రాలు ఏర్పడినది ఎల్లిస్ తరువాతి కాలంలో. కాని అందుకు అవసరమైన పట్టికను ముందుగా పరచినవాడు ఆయన.

=== వాక్యాలు ===

మూడవ మెట్టులో ఒకే విషయాన్ని తమిళ, తెలుగు, కన్నడ వాక్యాలలో పక్కపక్కన చూపాడు. క్రియ వాక్యం చివర రావడం, విశేషణం నామానికి ముందు రావడం, విభక్తులు పదం చివర చేరడం వంటివి మూడు భాషలలోను ఒకే విధంగా ఉన్నాయి. అనేక చోట్ల మాటకు మాట మార్చితే చాలును, వాక్యం అమరిక మార్చనక్కరలేదు.

ఈ మూడు మెట్ల మీద ఎల్లిస్ చేరిన నిర్ణయం ఏమంటే, తెలుగుకు సంస్కృతం నుండి వచ్చిన పదసంపద ఎంత ఉన్నా అది పైన చేరినదే, భాష మూలం వేరు. ఆ మూలం తమిళ, కన్నడాలకు కూడా సమానమయినది. ఈ కుటుంబంలో ఆయన తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం, తుళు, కొడగు భాషలను చేర్చాడు. బీహారు వైపున రాజమహల్ కొండలలో నివసించే వారి భాషకు కూడా వీటితో సంబంధమున్నదని గుర్తించాడు. నేడు మాల్తో అని పిలువబడే ఈ భాష ద్రావిడ కుటుంబపు ఉత్తర శాఖకు చెందినదని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు.

జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక్ భాషల క్రియారూపాలను పోల్చుతూ వ్రాసిన గ్రంథం కూడా 1816లోనే వెలువడింది. ఐరోపాలో తులనాత్మక భాషాశాస్త్రం ఆ గ్రంథంతోనే మొదలైనదని సాధారణంగా చెబుతారు. సరిగ్గా అదే సంవత్సరంలో మద్రాసులో మరొక భాషా కుటుంబానికి నిరూపణ అచ్చయినదన్న విషయం మాత్రం చాలాకాలం గుర్తింపు పొందలేదు.

== ఇతర కృషి ==

ఎల్లిస్ తమిళ, మలయాళ భాషలను గురించి కూడా ఇటువంటి వ్యాసాలే వ్రాయ తలపెట్టాడు. మలయాళ వ్యాసం 1878లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో పునర్ముద్రణ పొందింది. తిరుక్కురళ్‌లోని కొన్ని పద్యాలను ఆంగ్లంలోకి అనువదించి వ్యాఖ్యానం వ్రాసాడు కాని అది పూర్తి కాలేదు. చెంగల్పట్టు ప్రాంతంలోని మిరాసీ హక్కులను గురించి ప్రభుత్వం అడిగిన 17 ప్రశ్నలకు ఆయన ఇచ్చిన సమాధానాలు 1818లో పుస్తకంగా వచ్చాయి. ఈ పనిలో ఆయన శేరిస్తాదారు శంకరయ్య తోడ్పడినాడు. అదే సంవత్సరం మద్రాసులో నీటి ఎద్దడి ఏర్పడినపుడు బావులు త్రవ్వించి, తమిళ పద్యశాసనం వేయించాడు. హిందూ ధర్మశాస్త్రాన్ని గురించి చేసిన ఉపన్యాసాలు ఆయన మరణానంతరం 1827లో అచ్చయ్యాయి.

ఆయన పరిశోధనా దృష్టికి మరొక ఉదాహరణ ఎజూర్ వేదం. ఇది ఒక ప్రాచీన హిందూ గ్రంథానికి ఫ్రెంచి అనువాదమని చెప్పబడి, వోల్టేరు వంటి వారి మెప్పు పొందింది. ఎల్లిస్ పుదుచ్చేరిలోని క్రైస్తవ మఠంలో దొరికిన వ్రాతప్రతులను పరిశీలించి ఇది ప్రాచీన గ్రంథం కాదనీ, మిషనరీల కల్పన అనీ తేల్చాడు. దానిని రాబర్టో డి నొబిలికి ఆపాదించాడు. ఈ ఆపాదనను తరువాతి పండితులు అంగీకరించలేదు. కాని అది కల్పితమన్న నిర్ణయం నిలిచింది. ఈ వ్యాసం 1822లో ఏషియాటిక్ రిసర్చెస్ 14వ సంపుటంలో వెలువడింది.

== మరణం, వ్రాతప్రతుల నాశనం ==

నలభై ఏళ్ళ వయస్సు వచ్చే వరకు కేవలం అధ్యయనం చేయాలనీ, ఆ తరువాతనే గ్రంథాలు ప్రచురించాలనీ ఎల్లిస్ నియమం పెట్టుకొన్నాడని ఆయనను గురించి వ్రాసిన వాల్టర్ ఇలియట్ తెలిపాడు. ఆ వయస్సు వచ్చిన కొద్దికాలానికే, 1819 మార్చి నెలలో, దక్షిణాదిన పర్యటిస్తూ రామనాథపురంలో ఎల్లిస్ మరణించాడు. పొరపాటున విషపదార్థం మ్రింగటం వలన మరణం సంభవించిందని చెబుతారు.

మదురైలో, మద్రాసులో ఉన్న ఆయన సామానులను వేలం వేసారు. ఎన్నో ఏళ్ళుగా సేకరించిన తాళపత్రాలు, వ్రాసిపెట్టుకొన్న కాగితాలు చెల్లాచెదరయ్యాయి. మదురై కలెక్టరు ఇంటి వంటవాడు నెలల తరబడి పొయ్యి రాజేయడానికి ఆ కాగితాలను వాడుకొన్నాడన్న కథను ఇలియట్ నమోదు చేసాడు. మిగిలిన వాటిలో కొన్నిటిని ఇలియట్ సేకరించి జి.యు. పోప్‌కు అందజేసాడు. అవి పోప్ ద్వారా ఆక్స్‌ఫర్డు లోని బాడ్లియన్ గ్రంథాలయానికి చేరాయి.

== కాల్డ్వెల్, ద్రావిడ అనే పేరు ==

తిరునెల్వేలి ప్రాంతంలో మిషనరీగా పనిచేసిన రాబర్ట్ కాల్డ్వెల్ (1814 - 1891) తన తులనాత్మక వ్యాకరణాన్ని 1856లో ప్రచురించాడు. రెండవ కూర్పు 1875లో వచ్చింది. ఈ భాషా కుటుంబానికి ద్రావిడ అన్న పేరు స్థిరపడినది ఈ గ్రంథం వలననే. ఎల్లిస్ తన వ్యాసంలో ఈ పేరు వాడలేదు. కాల్డ్వెల్ గ్రంథం ఎల్లిస్ వ్యాసం కంటె ఎంతో విస్తృతమైనది. అందులో ధ్వనులు, విభక్తులు, సర్వనామాలు, సంఖ్యావాచకాలు, క్రియలు అన్నీ సవిస్తరంగా చర్చించబడ్డాయి. అయితే ఎల్లిస్‌కు అందులో లభించిన ప్రస్తావన స్వల్పం. ఒక వ్యాకరణ గ్రంథపు పీఠికకు అనుబంధంగా ఉన్న వ్యాసాన్ని వెదకి చదివేవారు కూడా తక్కువ. ఆ కారణంగా నిరూపణ అంతా కాల్డ్వెల్‌తోనే మొదలైనదన్న అభిప్రాయం పాఠ్యపుస్తకాలలో స్థిరపడినది. అమెరికా చరిత్రకారుడు థామస్ ట్రౌట్‌మన్ 2006లో ప్రచురించిన గ్రంథంలో ఎల్లిస్ కృషిని, మద్రాసు కళాశాల పండితుల పాత్రను సమగ్రంగా వెలికితీసాడు.

== కుటుంబం నుండి వృక్షం వరకు ==

ఎల్లిస్ భాషల కుటుంబాన్ని నిరూపించాడే గాని దానికి వంశవృక్షం గీయలేదు. ఏ భాష ఏ భాష నుండి ఎప్పుడు విడిపోయినది అన్న ప్రశ్న తరువాతి తరాలది. జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైఖర్ 1853లో ఇండో-యూరోపియన్ భాషలకు వృక్షరూపంలో పటం గీసాడు. 1859లో డార్విన్ జీవపరిణామ గ్రంథం వెలువడిన తరువాత, జీవజాతుల వృక్షానికీ భాషల వృక్షానికీ ఉన్న సామ్యాన్ని గురించి 1863లో ఒక చిన్న గ్రంథం వ్రాసాడు. 1872లో యోహానెస్ ష్మిత్ దీనికి ఆక్షేపణ తెలిపాడు. ఇరుగుపొరుగు భాషల మధ్య మార్పులు నీటిలో అలల వలె వ్యాపిస్తాయనీ, అందువలన కొమ్మలు విడిపోయినట్లు చూపే వృక్షం పూర్తి సత్యాన్ని చెప్పదనీ ఆయన వాదం. సంస్కృత పదాలతో నిండిన తెలుగు వంటి భాషను పరిశీలించేవారికి ఈ ఆక్షేపణ బలం సులభంగా తెలుస్తుంది.

ద్రావిడ భాషలకు సంబంధించి ఈ దారిలో ముందుకు నడచినవారిలో భద్రిరాజు కృష్ణమూర్తి (1928 - 2012) అగ్రగణ్యుడు. 1961లో ప్రచురించిన గ్రంథంలో తెలుగు ధాతువులను తులనాత్మకంగా పరిశీలించి, తెలుగు తమిళ, కన్నడాల కంటె గోండి, కువి, కొండ వంటి భాషలకు దగ్గరిదని చూపాడు. దీనికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి వర్ణవ్యత్యయం. తమిళంలో ఇరండు అన్నది తెలుగులో రెండు. తమిళంలో ఉరల్ అన్నది తెలుగులో రోలు. మూల ద్రావిడ భాషలో పదాదిన రాని ర, ల, డ వంటి ధ్వనులు ఈ మార్పు వలన తెలుగులో పదాదికి వచ్చాయి. ఈ మార్పు తెలుగుతో పాటు గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలలో కూడా కనపడుతుంది.

1983లో కృష్ణమూర్తి, గణాంకశాస్త్రవేత్త లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి ఇదే మార్పును ఆధారం చేసుకొని తెలుగు మినహా తక్కిన ఆరు భాషల వృక్షాన్ని గణితపద్ధతిలో నిర్ణయించాడు. మూడు భాషలను జతలుగా చీలే వృక్షంలో అమర్చడానికి 3 విధాలున్నాయి. నాలుగు భాషలకు 15, అయిదింటికి 105, ఆరింటికి 945. ఈ 945 వృక్షాలలో ప్రతిదానికీ, నేడు కనపడే రూపాలు ఏర్పడాలంటే ధ్వని మార్పు కనీసం ఎన్ని సార్లు విడివిడిగా జరిగి ఉండాలో లెక్క కట్టారు. అతి తక్కువ మార్పులతో సరిపోయే వృక్షమే సరియైనదని భావించారు. ఇలా వచ్చిన వృక్షం, సంప్రదాయ పద్ధతిలో అంతకు ముందే గుర్తించిన వర్గీకరణకు దగ్గరగా ఉన్నది. జీవశాస్త్రజ్ఞులు జాతుల వృక్షాలను నిర్ణయించడానికి వాడే తర్కం కూడా ఇటువంటిదే.

భాషల సంఖ్య పెరిగితే వృక్షాల సంఖ్య ఊహకందనంతగా పెరుగుతుంది. 20 భాషలకు సాధ్యమయ్యే వృక్షాల సంఖ్య 22 అంకెలు గలది. అన్నిటినీ పరీక్షించడం అసాధ్యం కాబట్టి, కంప్యూటరు సాయంతో సంభావ్యత ఎక్కువగా ఉన్న వృక్షాలను మాత్రం ఎంచి చూచే పద్ధతులు వచ్చాయి. విష్ణుప్రియ కొలిపాకం, అన్నెమారీ వెర్కెర్క్ మొదలయినవారు 2018లో ప్రచురించిన పరిశోధనలో 20 ద్రావిడ భాషల ప్రాథమిక పదజాలాన్ని ఈ విధంగా విశ్లేషించి, కుటుంబం వయస్సు సుమారు 4500 సంవత్సరాలని అంచనా వేసారు. ఉత్తర, మధ్య, దక్షిణ, దక్షిణమధ్య శాఖలు ఈ విశ్లేషణలో కూడా బయటపడ్డాయి. కాని ఆ నాలుగు శాఖలలో ఏది ఏదానికి దగ్గర అన్న విషయంలో గట్టి నిర్ణయం రాలేదు.

ఇట్టి పరిశోధనలలో మొదట చేయవలసిన పని అరువు పదాలను తీసివేసి, సజాతీయ పదాలను వరుసలుగా అమర్చడం. యంత్రానికి ఇచ్చే పట్టిక తప్పయితే వచ్చే వృక్షం కూడా తప్పే. తత్సమ, తద్భవాలను వేరుచేసి, దేశ్య పదాలను మూడు వరుసలలో పేర్చిన 1816 నాటి పట్టిక ఈ పనికి పూర్వరూపం.

== ప్రాముఖ్యత ==

ఎల్లిస్ నిరూపణ తెలుగు భాషకు స్వతంత్రమైన పుట్టుకను చూపింది. సంస్కృతంతో తెలుగుకు గల సంబంధాన్ని ఆయన కాదనలేదు. ఆ సంబంధం పుట్టుకతో వచ్చినది కాదు, సహవాసం వలన వచ్చినది అని మాత్రమే చెప్పాడు. తెలుగు పదాలలో సంస్కృత పదాలు ఎన్ని అన్న లెక్కతో భాష పుట్టుకను నిర్ణయించరాదన్న సూత్రం నేటికీ చెల్లుతుంది.

ఈ నిరూపణలో ఎల్లిస్ పేరు ఒక్కటే పైకి కనపడినా, దాని వెనుక తెలుగు పండితుల శ్రమ ఉన్నది. పట్టాభిరామశాస్త్రి ధాతుమాల లేకపోతే మొదటి మెట్టు లేదు. మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక లేకపోతే రెండవ మెట్టు లేదు. వీరి వెనుక కొన్ని వందల ఏళ్ళ వ్యాకరణ సంప్రదాయం ఉన్నది. పాణినీయం నుండి నేర్చిన ధాతువిశ్లేషణ పద్ధతి, తెలుగు లాక్షణికుల పదవిభాగం, ఐరోపాలో అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్న భాషా కుటుంబ భావన, ఈ మూడూ మద్రాసులో కలియడం వలననే ఇది సాధ్యమయింది. ఎల్లిస్ కూడా తన వ్యాసంలో ఈ పండితుల పేర్లను దాచలేదు.

== ముఖ్య రచనలు ==

* తెలుగు భాషను గురించిన వ్యాసం - కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణ పీఠికకు అనుబంధం, 1816
* మిరాసీ హక్కును గురించిన 17 ప్రశ్నలకు సమాధానాలు, 1818
* ఎజూర్ వేదంపై వ్యాసం - ఏషియాటిక్ రిసర్చెస్ 14వ సంపుటం, 1822
* హిందూ ధర్మశాస్త్రంపై ఉపన్యాసాలు, 1827
* మలయాళ భాషను గురించిన వ్యాసం - ఇండియన్ ఆంటిక్వెరీలో పునర్ముద్రణ, 1878
* తిరుక్కురళ్ అనువాదం, వ్యాఖ్యానం (అసంపూర్ణం)

== ఇవి కూడా చూడండి ==

* ద్రావిడ భాషలు
* రాబర్ట్ కాల్డ్వెల్
* చార్లెస్ ఫిలిప్ బ్రౌన్
* భద్రిరాజు కృష్ణమూర్తి
* మామిడి వెంకయ్య
* జగ్గయ్యపేట
* నందిగామ